ముప్పై ఏడున్నర

"ఏసీ జోలికి వెళ్లావంటే ఊరుకోనురా! ఆరు ప్రాణాల ఉసురు పోసుకుంటావు!"

రిమోట్ మీద బేకరీ మాస్టరు చేయి అలాగే ఆగిపోయింది.

పొద్దున్నుంచీ భట్టీ ముందు నిలబడి, చెవుల్లో కూడా మైదాపిండితో ఇల్లు చేరిన మనిషి. రాగానే ముందుగదిలో ఏసీ పద్దెనిమిది మీద పెట్టుకుని చాప మీద వెల్లకిలా పడడమే అతనికున్న ఏకైక విలాసం. ఇవాళ చూస్తే అదే గదిలో తల్లి మంచం పక్కన ఒక థర్మోకోల్ పెట్టె వెలిసింది. లోపల చిన్న బల్బు, గిన్నెలో నీళ్లు, థర్మామీటరు, ఎండుగడ్డి మీద ఆరు కోడిగుడ్లు.

"కోడి లేకుండానే పొదిగిస్తావా అమ్మా?"

"ఇరవై ఒక్క రోజులు ఓపిక పట్టు. పెట్టెలో ముప్పై ఏడున్నర డిగ్రీలు ఉంటే చాలు," అంది తల్లి శాలువా సర్దుకుంటూ.

"ఉండాల్సింది పెట్టెలోనేగా! మధ్యలో గది ఏం చేసింది?"

"మూత తీసినప్పుడల్లా లోపలికి పోయేది గదిలో గాలే కదరా. ఇక్కడ మంచు కురుస్తుంటే ఆ బుల్లి బల్బు ఏం చేస్తుంది పాపం? చలిగదిలో నీ బన్నుల పిండి పొంగుతుందా?"

మాస్టరు సాయం కోసం భార్య వైపు చూశాడు. ఆవిడ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి జారుకుంది.

తల్లి తనకోసం గ్లాసెడు మంచినీళ్లు కూడా అడగని మనిషి. ఏసీ కొన్నప్పటినుంచీ "చలిగా లేదుగా అమ్మా?" అని అతను అడుగుతూనే ఉన్నాడు. "నాకేం, రాయిలా ఉన్నా. నిప్పుల దగ్గర మాడి వచ్చావు, హాయిగా పడుకో," అని శాలువా దగ్గరికి లాక్కుంటూనే ఉంది. అలాంటావిడ ఇన్నేళ్లకి నోరు తెరిచి ఒక సరదా తీర్చమంటే కాదనడానికి అతనికి మనసొప్పలేదు.

ఆ రోజు నుంచి ఏసీ గోడకి అలంకారమైంది. మాస్టరు తడితువ్వాలు కప్పుకుని, తెల్లారేదాకా అటూ ఇటూ దొర్లేవాడు. అది చాలదన్నట్టు భోజనం డబ్బాలో రోజూ గుడ్డు కూరే.

"ఒకపక్క పొదిగిస్తూ ఇంకోపక్క తినిపిస్తున్నావేమిటే?" అన్నాడు భార్యతో.

"ఒంటికి బలమండీ," అందావిడ అటు తిరిగి.

గుడ్లు తిప్పే పని మాత్రం తల్లిదే. ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. లోపల పిల్ల కడుతోందో లేదో టార్చి వేసి చూద్దామన్నాడొకసారి. "కడుపుతో ఉన్నవాళ్లని ఎవరైనా తొందరపెడతారా?" అని కసిరింది.

పన్నెండో రోజు సెలవు. అత్తాకోడళ్లిద్దరూ పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లారు. మాస్టరు గడియారం చూశాడు. రిమోట్ చూశాడు. పది నిమిషాలే అనుకుని నొక్కాడు. కళ్లు తెరిచేసరికి రెండు గంటలు గడిచిపోయాయి. పెట్టెలోకి తొంగిచూస్తే ముప్పై ఒకటి!

గబగబా ఏసీ కట్టేసి, పెట్టె మీద దుప్పటి కప్పి, దాన్ని వాటేసుకుని కూర్చున్నాడు. వాళ్లు వచ్చాక ఏమీ ఎరగనట్టే ఉన్నాడు గానీ ఆ పూట ముద్ద దిగలేదు.

అప్పట్నుంచి గదికి కాపలా అతనే. కిటికీ ఓరగా తెరిచినా ఒప్పుకోడు. పేపరు వేసే అతను గుమ్మంలో నిలబడి మాట్లాడబోతే మొహం మీదే తలుపు వేశాడు.

పందొమ్మిదో రోజు, బేకరీకి గుడ్లు వేసే కోళ్లఫారం ఆయన్ని అడిగాడు. "ఈపాటికి గుడ్డులో పిల్ల కిచకిచమనాలి సార్," అన్నాడాయన. మాస్టరు ఇంటికి పరుగెత్తి పెట్టెకి చెవి ఆనించాడు. చప్పుడు లేదు. ఇరవయ్యో రోజూ లేదు.

నేనే చంపేశాను అనుకున్నాడు. అమ్మ ఒక్కటంటే ఒక్క కోరిక కోరితే రెండు గంటల చల్లగాలికి కక్కుర్తిపడ్డాను.

ఇరవై ఒకటో రోజు సాయంత్రం, తల్లి స్నానానికి వెళ్లిన సమయం చూసి పిల్లిలా ముందుగదిలోకి వచ్చాడు. ఒక సంచిలో కోళ్లఫారం నుంచి తెచ్చిన రెండు పసుపుపచ్చ పిల్లలు. ఇంకో సంచిలో బేకరీ నుంచి తెచ్చిన గుడ్డు పెంకులు, వాటికేం కొదవ అక్కడ. పెట్టెలోంచి రెండు గుడ్లు తీశాడు. వాటి వంక చూడలేక కాగితంలో చుట్టి వీధి చెత్తకుండీలో వదిలి వచ్చాడు. పిల్లల్ని గడ్డి మీద కూర్చోబెట్టి, చుట్టూ పెంకులు చల్లి, గొంతు చించుకున్నాడు.

"అమ్మా! వచ్చేశాయే, పిల్లలు వచ్చేశాయి!"

తల్లి తడిజుట్టుతోనే పరుగెత్తుకొచ్చింది. పెట్టెలోకి చూసింది. కొడుకు మొహంలోకి చూసింది. మళ్లీ పెట్టెలోకి చూసింది. తెరిచిన నోరు మూతపడలేదు.

ఆవిడ సంతోషం చూసి మాస్టరుకి కళ్లు చెమర్చాయి. పోనీలే, నా పాపం కొంత కడుక్కున్నాను అనుకున్నాడు.

తల్లి వంటింట్లోకి వెళ్లి, కోడలి రెక్క పట్టుకుని మూలకి లాగి గుసగుసగా అడిగింది.

"అమ్మాయ్, రోజూలాగే పొద్దున ఉడకబెట్టి మార్చిన గుడ్లలోంచి పిల్లలెలా వచ్చాయే?"