పడుకోబెట్టిన చెట్టు

“పార కింద పెట్టు సవేరియో. ఈ ఏడు చెట్టుని లేపేది లేదు,” అంటూ ఎర్సీలియా వచ్చి మట్టిదిబ్బకి అడ్డంగా నిలబడింది. నల్లగౌను మీద కట్టుకున్న వంటింటి గుడ్డ కూడా విప్పలేదు.

సవేరియో పారని నేలలో గుచ్చి దాని మీద చేతులు ఆనించాడు. ఏప్రిల్ ముగింపుకొచ్చింది. మాంట్రియల్‌లో గోడల నీడన తప్ప మంచు ఎక్కడా మిగల్లేదు. నవంబరులో చలికి చావకుండా ఒక పక్క వేళ్ళు నరికి, గుంతలోకి వంచి, చెక్క పలకలూ ఆకులూ మట్టీ కప్పి పడుకోబెట్టిన అంజూర చెట్లని ఇటలీలోని కాలాబ్రియా నుంచి వచ్చిన వీధివాళ్ళంతా లేపి నిలబెడుతున్నారు. అన్న బ్రూనో పెరట్లో దిబ్బ మాత్రం అలాగే ఉంది. బ్రూనోకి జబ్బని జనవరిలో తెలిసింది, ఫిబ్రవరి దాటకుండానే పోయాడు.

“లేపకపోతే ఎలా వదినా? లోపల తడికి మొగ్గలు బూజు పడతాయి. ఇంకో వారం ఆగితే చెట్టు దక్కదు.”

“దక్కకపోతే పోనీ.”

“పోనీ అనడానికి అదేమైనా టమాటా మొక్కా? మా అమ్మ చెట్టు.”

కంచె అవతలి నుంచి పక్కింటి చిచ్చో తల పైకి లేచింది. “మాది లేచి, మొహం కడుక్కుని కూర్చుంది సవేరియో. మీదింకా గురక పెడుతోందా?”

“నీ పని చూసుకో చిచ్చో.”

చిచ్చో ఇద్దరి మొహాలూ చూసి తల దించేసుకున్నాడు.

సవేరియో గొంతు తగ్గించాడు. “ఇల్లు అమ్మేస్తున్నావా వదినా? కొనేవాళ్ళు పెరడు చదును చేసి ఇమ్మన్నారా?”

“ఇల్లు అమ్మి నేనెక్కడికి పోతాను?”

“మరి నా మీద కోపమా?”

“నీ మీద నాకు కోపమెందుకు?”

“నాకుంది,” అన్నాడు. ఆ మాట అనాలని రాలేదు అతను. నవంబరు నుంచి గొంతుకి అడ్డం పడి ఉన్నది ఇప్పుడు దానంతట అదే బయటికొచ్చింది. “ఏటేటా అన్నా నేనూ కలిసే పడుకోబెట్టేవాళ్ళం. పోయినేడు నేను బూట్లు వేసుకుని వచ్చేసరికి దిబ్బ తయారు. అయిపోయిందిరా, ఇంటికెళ్ళు అన్నాడు. లోపలికి రమ్మనలేదు. గ్లాసుడు వైను పొయ్యలేదు. ఎవర్ని పిలిచి చేయించుకున్నాడో కూడా చెప్పలేదు. నేనేం తప్పు చేశాను?”

“నిన్నేమీ అనలేదు ఆయన.”

“అదే కదా నా బాధ. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది. క్రిస్మస్‌కి వచ్చి, తిని, ముభావంగా వెళ్ళిపోయాను. ఆసుపత్రిలో చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా నా మనసులో ఇదే ఉంది వదినా. అన్న పోతున్నాడు, నేను చెట్టు గురించి అలిగి కూర్చున్నాను.”

ఎర్సీలియా వంటింటి గుడ్డ కొసని వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

“కనీసం ఈ పనైనా నా చేత్తో చెయ్యనీ,” అంటూ సవేరియో ఆమెని తప్పించుకుని వెళ్ళి దిబ్బలో పార దించాడు. ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. లాగలేదు. కాసేపటికి తనే వదిలేసి, వెళ్ళి పక్కనున్న చెక్కపెట్టె మీద కూలబడింది.

మట్టి తీశాక పాత తివాచీ తగిలింది. దాని కింద పలకలు. కొమ్మ విరగకూడదని సవేరియో పార పక్కన పడేసి, మోకాళ్ళ మీద కూర్చుని, మొదటి పలకని పసిబిడ్డ మీద దుప్పటి తీసినట్టు తీశాడు. మొగ్గల కోసం ఆకుల్లో చెయ్యి పెట్టాడు. కుళ్ళిన ఆకులు చల్లగా వేళ్ళకి అంటుకున్నాయి. మోచేయి దాకా దించాడు. రెండో పలక తీశాడు. తర్వాత మెల్లగా తియ్యడం మర్చిపోయి అన్నీ లాగి అవతల పారేశాడు.

గుంతలో ఆకులు తప్ప ఏమీ లేవు. గుంత చివర, చెట్టు ఉండాల్సిన చోట, రంపంతో కోసిన మోడు ఉంది.

“చెట్టేది?”

“పొయ్యిలో పెట్టాను. క్రిస్మస్ రోజు నేలమాళిగలో చలి కాచుకుంటూ కూర్చున్నావే, అప్పటికి సగం అయిపోయింది.”

“ఎవరు కోశారు?”

“నేనే. ఆయన మెట్టు మీద కూర్చుని ఎక్కడ కొయ్యాలో చెప్పాడు. పలకలు పరిచిందీ, మట్టి పోసిందీ కూడా నేనే. జూన్‌లో తవ్వి, చలికి చచ్చిపోయిందని నీకు చెబుదామనుకున్నాను.”

సవేరియో మోడు మీద చెయ్యి పెట్టాడు. “మీ ఇద్దరికీ మతి పోయిందా? నాకొక్క ఫోన్ చేస్తే ఒక్క పూట పని కదా.”

“చేస్తానన్నాను. ఎవర్నీ పిలవొద్దన్నాడు, ముఖ్యంగా సవేరియోని.”

“నన్నే ఎందుకు?”

ఎర్సీలియా చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ గుంత వైపు చూస్తూ చెప్పింది.

“జబ్బు సంగతి మాకు సెప్టెంబరులోనే తెలుసు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. కానీ చెట్టు వంచేటప్పుడు ఆయనతోపాటు తాడు పట్టుకుని లాగేది నువ్వే కదా. చెట్టు నిలబడి ఉంటే నువ్వు రాక మానవు. తన చేతుల్లో బలం లేదని తమ్ముడికి తాడే చెప్పేస్తుందన్నాడు.”