పెళ్ళికూతురి తండ్రి

"నా కూతురికి తండ్రి అబ్రహామా? మరి నేనెవర్నయ్యా?"

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని యూదుల ప్రార్థనామందిరం గుమ్మంలోనే భీమశంకర్ గొంతు లేచింది. ఎదురుగా ఉన్నది పరాయివాడు కాదు, స్వయానా వియ్యంకుడు మార్టిన్. పండగపూట పేరుపేరునా మనుషుల్ని వేదిక మీదికి పిలిచే పెద్దరికం ఆయనది. ఆయన చేతిలో ఉన్న జాబితాలో చిట్టచివరి పేరు మీద వేలు పెట్టి మరీ నిలదీస్తున్నాడు భీమశంకర్.

"బావగారూ, శాంతం," అన్నాడు మార్టిన్. కోడలు నేర్పిన ఒకే ఒక్క తెలుగు మాట ఆ 'బావగారూ'. మిగతాదంతా ఇంగ్లీషే. "మా మతంలోకి వచ్చినవాళ్ళని అబ్రహాం, సారాల పిల్లలుగా పిలుస్తాం. ఆయన మా అందరికీ మూలపురుషుడు. ఇది తక్కువ చెయ్యడం కాదు, కలుపుకోవడం. తరతరాల ఆచారం."

"దానికి స్కూల్ బస్సు మిస్సయిన ప్రతిసారీ మంచులో డ్రైవ్ చేసింది నేను. జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నది నేను. మీ అబ్రహాం ఒక్కరోజైనా డ్రాప్ చేశాడా?"

బాలమణి మొగుడి కోటు పట్టుకుని లాగింది. "నా పేరూ పోయిందిగా! నా బదులు సారా అంటున్నారు. నేనేమన్నా గోల చేస్తున్నానా?"

"నువ్వు ఊరుకుంటావు. నేనూరుకోను."

ఆ రోజు సింహత్ తోరా. ఏడాది పొడుగునా వారంవారం చదువుతూ వచ్చిన తోరా గ్రంథాన్ని ఆఖరి వాక్యం దాకా పూర్తిచేసి, ఆగకుండా మళ్ళీ మొదటి వాక్యం ఎత్తుకునే పండగ. ఆ మొదటి వాక్యానికి పిలుపు అందుకున్న ఆడమనిషిని ఆ రోజుకి పెళ్ళికూతురు అంటారు. మూడు వందల మంది ముందు తల్లిదండ్రుల పేర్లతో సహా పిలుస్తారు. ఈసారి ఆ గౌరవం భీమశంకర్ కూతురు వేదకి దక్కింది.

"పెళ్ళికూతురికి తండ్రి నేను కాకుండా పోతానా?" అన్నాడు భీమశంకర్. "అసలు పెళ్ళి నేను ఎంత శాస్త్రోక్తంగా చేశాను! మార్టిన్, నువ్వే చెప్పు. ఒక్క మంత్రం వదిలానా? మా బావమరిది రాఘవులు డాలస్ నుంచి వచ్చి మూడు రోజులూ పీటల దగ్గరే ఉన్నాడు. మీ అబ్బాయికి ఏమన్నా లోటు చేశామా?"

"అందరూ చాలా శ్రద్ధగా చేశారు," అన్నాడు మార్టిన్.

బాలమణి ఏదో అనబోయి, మొగుడి మొహం చూసి మింగేసింది.

"అయితే వినండి. మీరు పిలవకపోతే నేనే లేచి పిలుస్తా. 'వేద, భీమశంకర్ కూతురు' అని, హాలంతా వినపడేలా!"

ముప్పై ఏళ్ళు కార్లకి బ్రేకులు డిజైన్ చేసి రిటైరైన మనిషి. తన నోటికి మాత్రం ఒక్కటీ బిగించుకోలేదు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. వెళ్ళి మొదటి వరసలో, నడవ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

హాల్లో ఒకటే పాటలు, గంతులు. తోలు మీద రాసిన తోరా చుట్టల్ని చంటిపిల్లల్లా భుజానికి ఎత్తుకుని తిరుగుతున్నారు. ఎవరో ఆయన చేతిలో చాక్లెట్ పెట్టి "హ్యాపీ హాలిడే" అన్నారు. ఆ చాక్లెట్ పిడికిట్లో నలిగిపోయింది.

వేద వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. "నాన్నా, ప్లీజ్. గొడవ చెయ్యకు."

"గొడవ కాదమ్మా." ఆయన కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "పేరు పోతే మనిషీ పోయినట్టే ఉంటుంది. నువ్వు నాకు కాకుండా పోతావేమోనని భయంగా ఉందే."

"ఎక్కడికి పోతాను నాన్నా?" అంది వేద. కళ్ళు తుడుచుకుని లేచింది.

ఒక్కొక్కర్నీ పిలవడం అయింది. ఆఖరి వాక్యం చదివేశారు. మొదటి వాక్యం ఉన్న రెండో చుట్ట బల్ల మీద పెట్టారు. హాలు సద్దుమణిగింది. మార్టిన్ జాబితా చూసి గొంతు సవరించుకున్నాడు.

భీమశంకర్ లేచి నిలబడ్డాడు.

మూడు వందల తలలు ఇటు తిరిగాయి. బాలమణి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. మెట్ల దగ్గర వేద కొయ్యబారిపోయింది. భీమశంకర్ నోరు తెరిచేలోగా మార్టిన్ వేదిక దిగి గబగబా వచ్చి, కోటు జేబులోంచి ఒక కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాడు.

పెళ్ళి కార్డు. అమెరికన్ అతిథులకి మంత్రాల అర్థం తెలియాలని భీమశంకరే ఇంగ్లీషులో అచ్చు వేయించాడు. ప్రూఫు దిద్దింది కూడా తనే. కన్యాదానం పేజీలో ఒక లైను కింద పెన్సిలు గీత ఉంది. గోత్రం లేనివాడికి పిల్లనెలా ఇస్తామని ఆ రోజు తనే పట్టుబట్టి రాయించిన లైను. భీమశంకర్ పెదాలు కదిలాయి.

"కౌండిన్యస గోత్రజుడైన రాఘవులు కుమారుడు, వరుడు డానియల్‌కు..."

మార్టిన్ ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"ఆ రోజు నేనూ ఇలాగే మొదటి వరసలో, మీరు పెట్టిన పట్టుపంచె కట్టుకుని కూర్చున్నాను బావగారూ. లేవలేదు."