ఎత్తేసిన రూలు

ఈసారి సర్పంచిగా ఎవరిని నిలబెట్టాలో తేల్చడానికి పార్టీ పెద్దలు అనసూయ వరండాలోనే కూర్చున్నారు. పోయినసారి గెలిచింది ఆమే.

"ఇందులో తేల్చేదేముంది? మంచినీళ్ల ట్యాంకు కట్టించింది, ఎవురి దగ్గరా చెయ్యి చాపలేదు. మళ్లీ అనసూయే," అన్నాడొకాయన.

"పడమటి బజారు దీప్తి కూడా అడుగుతంది బాబాయ్. చదువుకుంది, ఆఫీసుల్లో గట్టిగా మాట్టాడుద్ది."

"ఆమెకి ముగ్గురు పిల్లలు గదరా! ముగ్గురుంటే పోటీకి పనికిరారు. పోయినసారి మూడోదాన్ని వాళ్లక్క బిడ్డగా రాయించమంటే మనల్ని తిట్టి తరిమింది."

"ఆ రూలు ఎత్తేశారు. ఇప్పుడు ఎంతమందున్నా నిలబడొచ్చు."

టీ గ్లాసుల పళ్లెంతో గుమ్మంలోకి వచ్చిన అనసూయ అక్కడే ఆగిపోయింది.

"ఏందమ్మాయ్, అట్టా అయిపోయావు? భయపడమాక, సీటు నీకే."

పోయినసారి ఆ సలహా చెప్పడానికి వీళ్లు అనసూయ దగ్గరికీ వచ్చారు. ఆమె ఎవరినీ తిట్టలేదు. పురిటి మంచం మీది బిడ్డను తీసి చెల్లెలి ఒళ్లో పెట్టింది.

పళ్లెం కింద పెట్టి వాకిట్లోకి వచ్చింది. చెల్లెలి కూతురని ఊరంతా అనుకునే పిల్ల, నకరికల్లు నుంచి సెలవులకొచ్చి, ఒక్కతే తొక్కుడుబిళ్ల ఆడుకుంటోంది.

"బంగారూ, ఒక్కసారి నన్ను అమ్మా అని పిలవవే."

పిల్ల నవ్వింది.

"నీకు ఇద్దరున్నారుగా పెద్దమ్మా! వాళ్లని పిలవమను."