బూడిదరంగు బటన్

“పేరు?” అంది హిమజ, కంప్యూటర్ మీంచి తలెత్తకుండా.

ఆసుపత్రి కిటికీ అవతల ఎండుచేపల బుట్టతో అసిరమ్మ నిలబడి ఉంది. పక్కన బల్ల మీద గోడకి జారబడ్డ మనిషి చొక్కా జేబులో చెయ్యి పెట్టి, ఆధార్ కార్డు తీసి లోపలికి తోసింది.

హిమజకి నవ్వూ విసుగూ కలిసి వచ్చాయి. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందనుకునే ఆడవాళ్ళు బారువ తీరాన ఇంకా మిగిలే ఉన్నారు. అటు మనిషేనని ఆమె ఎండుచేపల బుట్టే చెబుతోంది. కార్డు చూసి పేరు తనే కొట్టుకుంది.

“ఏటయింది?”

“బస్సులో నా మీదకి ఒరిగిపోనాడమ్మా.”

“డయాలసిస్ ఆఖరుసారి ఎప్పుడు చేయించారు?” అతని మోచేతి మీద ఉబ్బిన నరం చూశాక, డయాలసిస్ ఉందా అని కిడ్నీ జబ్బుల ఉద్దానంలో ఎవరూ అడగరు.

“తెల్దమ్మా.”

“మందులేవి వాడతన్నారు?”

“తెల్దు.”

“మరేటి తెలుసు నీకు?”

“ఊపిరందడం నేదు. అదొక్కటే తెలుసు.”

పొద్దుట్నుంచీ ఇదే వరస. హిమజకి ఒళ్ళంతా పుండులా ఉంది. దానికి తోడు ఈ కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి. ‘రోగికి బంధుత్వం’ అన్నచోట ఏదో ఒక చుట్టరికం ఎంచితే గాని కిందనున్న ‘చేర్చుకోండి’ బటన్ పచ్చబడదు. అంతవరకూ బూడిదరంగులో, ఎంత నొక్కినా ఉలకదు పలకదు. అది నొక్కితే గాని లోపల మిషను దగ్గరవాళ్ళు సూది ముట్టుకోరు. ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని దీన్ని రాసినవాడికి ఆయాసమంటే ఏమిటో తెలిస్తేగా.

“ఈయన నీకేటవుతారు?”

“మావ.”

“మావని లేదమ్మా ఇందులో. భర్త, తండ్రి, అన్న, కొడుకు... ఆఖర్న ఇతరులు.”

“ఆ ఆఖర్ది నొక్కీయమ్మా.”

“అది నొక్కితే బటన్ వెలగదు. పొద్దున ఒకాయన పక్కింటాయన్ని తెచ్చి అదే చెప్పాడు. సొంతవాళ్ళు పలాస నుంచి వచ్చి సంతకం పెట్టేదాకా ఆ బల్ల మీదే ఉంచాం.”

అసిరమ్మ బల్లకేసి చూసింది. అతని పెదాలు నల్లబడుతున్నాయి.

“ఏది నొక్కితే ఎలుగుతాదో అదే నొక్కమ్మా.”

“అలాగెలా? నీ పెనిమిటేనా, కాదా?”

అసిరమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. “మావేనమ్మా,” అంది నేల చూస్తూ.

సిగ్గుపడే వేళా ఇది అనుకుంటూ హిమజ ‘భర్త’ ఎంచింది. బటన్ పచ్చబడింది. నొక్కగానే లోపల్నుంచి స్ట్రెచర్ వచ్చింది.

“ఇక్కడ వేలిముద్ర వెయ్యి. జరగరానిది జరిగితే పూచీ నీదే. తర్వాత మమ్మల్ని అడక్కూడదు.”

అసిరమ్మ స్ట్రెచర్ వెళ్ళినవైపు ఒకసారి చూసింది. బొటనవేలు గట్టిగా అదిమింది.

తర్వాత ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు. సోంపేట వెళ్ళే బస్సు ఎదురుగానే ఆగి, వెళ్ళిపోయింది. ఎండుచేపల వాసనకి అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు ఎడంగా జరిగారు.

“సేపలమ్ముకోవా?” అడిగింది హిమజ.

“ఎవులో ఒకులుండాల గదమ్మా.”

“పిల్లలకి కబురంపావా?”

“నాకు పిల్లల్నేరమ్మా.”

ఒకరికొకరు తప్ప ఎవరూ లేరు కాబోలు అనుకుంది హిమజ. ఊరికే కసిరానని మనసు చివుక్కుమంది. తన ఫ్లాస్కులో మిగిలిన టీ పోసిచ్చింది.

పొద్దువాలే వేళకి లోపలి నర్సు జయశ్రీ వచ్చి, గండం గడిచిందనీ, మనిషి కళ్ళు తెరిచాడనీ చెప్పింది. అసిరమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. హిమజకి రోజంతటి అలసట కాస్త దిగినట్టయింది.

“వెళ్ళి చూసుకో, పర్లేదు.”

అసిరమ్మ లోపలికి వెళ్ళలేదు. బుట్ట చంకనెత్తుకుని కిటికీ దగ్గరికి వచ్చింది.

“గంగమ్మ తల్లికి కొబ్బరికాయ మొక్కీసినానమ్మా. పేరు సెప్పి కొట్టాల గదా.”

“కొట్టు మరి. ఇప్పటికైనా సిగ్గు మానేసి మీ ఆయన పేరు నోరారా పలుకు,” అంది హిమజ నవ్వుతూ.

అసిరమ్మ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

“ఆ మావ పేరేటమ్మా?”