రాయమల్లు ఇంగ్లీషు

జర దగ్గరికి జరగండి. వెనక కూర్చున్నోళ్ళు ముచ్చట్లు బందు చేయండి, ఫోన్లు జేబుల పెట్టుకోండి. చెప్పేది ఒక్కసారే. మళ్ళీ అడిగితే కథ మారిపోతుంది, నా పూచీ లేదు.

హనుమకొండలో ఒక ఇంగ్లీషు కోచింగు సెంటరు. అందులో రాయమల్లు అనే పెద్దాయన చేరాడు.

అరవై ఎనిమిదేళ్ళు. తెల్ల ధోవతి, చంకలో గొడుగు.

ఆయన ఇంగ్లీషు మొదలుపెడితే గోడ మీది బల్లి పట్టు తప్పి కింద పడేది. పడ్డ బల్లిని నేను కళ్ళారా చూశాను. కాలు బెణికింది పాపం.

అక్కడ అందరూ ఇద్దరిద్దరుగా కూర్చుని మాట్లాడుకోవాలి. ఆయన పక్కన కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

వర్ధన్నపేట నుంచి వచ్చే స్నేహలత పక్కన కూడా ఎవరూ కూర్చోలేదు. ఆ పిల్ల అసలు నోరే తెరవదు.

నర్సు చదువు మంచి మార్కులతో పాసైంది. ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఒక్కటి దాటితే పెద్ద దవాఖానలో ఉద్యోగం ఇస్తామన్నారు. రెండుసార్లు పోయింది. రెండుసార్లూ పేరు అడిగితే చెప్పలేక, ఏడుస్తూ బయటికి వచ్చింది.

ఇక మూడోదే ఆఖరు. అదీ తప్పితే నర్సు బట్టలు పెట్టెలో పెట్టి, తల్లితో పాటు పత్తి ఏరడానికి పోవాలి.

అట్లా మిగిలిపోయిన ఇద్దరినీ తెచ్చి ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు.

మొదటి రోజు రాయమల్లు తన ఇంటావిడ గురించి చెప్పాడు. "మై వైఫ్ ఈజ్ గుడ్. ఇట్ కుక్స్ వెల్."

స్నేహలత ఆగలేకపోయింది.

"ఇట్ గాదు తాతా, షీ. ఇట్ అంటె బర్రెను అన్నట్టయితది."

"ఎందుకు బిడ్డా? ఆమె వచ్చింది అంటం, బర్రె వచ్చింది అంటం. మన తెలుగుల రెండూ ఒక్కటే గద?"

ఆ ఒక్క ముక్క విడమరిచి చెప్పడానికి ఆమెకు అరగంట పట్టింది. అందులో సగం ఇంగ్లీషులోనే చెప్పానన్న సంగతి ఆమెకే తెలియదు.

మరునాడు ఆయన "యెస్టర్డే ఐ విల్ గో టు మట్టెవాడ" అన్నాడు. ఆ మరునాడు ఇంకో తప్పు. ఒకసారి దిద్దిన తప్పు మళ్ళీ చేసేవాడు కాదు. రోజుకో కొత్త తప్పు తెచ్చేవాడు.

నెల తిరిగేసరికి స్నేహలత ఆయనను ఇంగ్లీషులోనే కోప్పడుతోంది. ఆయన చేతులు కట్టుకుని బుద్ధిగా వినేవాడు.

పరీక్షకు వారం ముందు కోచింగు సారు అందరినీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పాడు. చూడగానే మంచి అభిప్రాయం కలగాలన్నాడు. ఇస్త్రీ బట్టలు, చిన్న నవ్వు, నిటారు నడక. మన పక్కన ఎవరున్నారన్నది కూడా చూస్తారన్నాడు.

ఆ సాయంత్రమే స్నేహలత బెంచీ మారింది.

రాయమల్లు మిగిలిన వారం రోజులూ వచ్చి, ఒక్కడే కూర్చుని పోయాడు.

పరీక్ష రోజు పొద్దుటి నుంచీ వాన.

స్నేహలత ఆటో దిగేసరికి ఆయన గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ధోవతి మోకాళ్ళ దాకా బురద. ఆమె ఇస్త్రీ చీర మీద చుక్క పడకుండా మెట్ల దాకా తీసుకువచ్చాడు. ఆయన మాత్రం తడిసి ముద్దయ్యాడు.

తలుపు దగ్గర పరీక్ష పెట్టే మేడం నిలబడి ఉంది. ఆయనను కింది నుంచి పైకి చూసి, ఈయన మీతో వచ్చారా అని ఇంగ్లీషులో అడిగింది.

"నో మేడం. ఐ డోంట్ నో హిమ్."

తడబాటు లేదు, వణుకు లేదు. కొత్త మనిషి ముందు స్నేహలత ధైర్యంగా చెప్పిన మొదటి ఇంగ్లీషు మాట అదే.

మేడం లోపలికి తిరిగాక, రాయమల్లు స్నేహలతకు మాత్రమే వినబడేటట్టు అన్నాడు.

"ఒక్క తప్పు లేదు బిడ్డా. లోపట గూడ గట్లనే చెప్పు."

గొడుగు ముడిచి చంకలో పెట్టుకున్నాడు. తెరవడం మరిచిపోయినట్టు అట్లాగే వానలోకి నడిచాడు.

పది రోజులకు పాసైనట్టు ఫోన్ వచ్చింది.

స్నేహలత మిఠాయి డబ్బా కొనుక్కుని కోచింగు సెంటరుకు ఉరికింది. బెంచీ ఖాళీగా ఉంది.

బయట చాయ్ అమ్మే సత్యనారాయణను అడిగింది. పెద్దాయన వారం కింద తన బండి దగ్గరే చాయ్ తాగుతూ గుండె పట్టుకుని కూలిపోయాడని, ఆటోలో దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందని చెప్పాడు. బండి పక్కవాడికి అప్పజెప్పి, ఆమెను మట్టెవాడలోని ఇంటికి తీసుకుపోయాడు.

రాయమల్లు భార్య కట్టమ్మ ఒక నోటుబుక్కు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"వానల తడిసొచ్చిన నాడే, స్నేహలత అనే పిల్ల వస్తె ఇయ్యమన్నడు బిడ్డా. ఏం రాసిండో నాకు తెల్వది, నాకు సదువు రాదు."

లోపల అచ్చు వేసినట్టున్న ఇంగ్లీషు అక్షరాలు. పైన, 'స్నేహలత దగ్గర చేయాల్సిన తప్పులు' అని ఉంది.

తేదీకి ఒక తప్పు. ఎందుకు చేయాలో, ఆమె దాన్ని ఎట్లా దిద్దుతుందో కూడా రాసి ఉంది. ఆమె దిద్దినవన్నీ ఎర్ర సిరాతో కొట్టేసి ఉన్నాయి.

చివరి ఏడు మాత్రం కొట్టేయలేదు.

స్నేహలత మిఠాయి డబ్బా పట్టుకుని గడపలోనే కూర్చుండిపోయింది. కట్టమ్మ ఆమె తల మీద చెయ్యి వేసింది.

అప్పుడు సత్యనారాయణ గోడ మీది సన్మానం ఫోటో దగ్గరికి పోయి, తల గోక్కుంటూ అన్నాడు.

"ముప్పై అయిదేండ్లు కాలేజిల ఇంగ్లీషు సారుగ చేసిండంటున్నరు గని నేనైతె నమ్మనమ్మా, పానం పోయేటప్పుడు నా ఒడిల పండుకోని 'అవ్వా' అన్నడు, ఒక్కసారన్న 'మమ్మీ' అన్లే."