సర్కస్ టోపీ

"డాడీ, ఆర్థర్ అంకుల్ నాకు గిఫ్ట్ ఇచ్చారు" అంది రేణు.

నీలం ముఖమల్ టోపీ. పైన వెండి కుచ్చు, ముందు దారంతో కుట్టిన మూడు సింహాలు.

భీమశంకర్ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూశాడు.

"సింహాలు కూడానా. అయితే ముసలాడు సర్కస్‌లో బఫూన్ అన్నమాట."

పక్కింటి ఆర్థర్ అంటే అతనికి మొదటినుంచీ చులకనే. ఇంగ్లండ్ నుంచి అమెరికా వచ్చి ఈ ట్రాయ్ ఊళ్లో కూతురింట్లో పడి తింటూ, కుంటుకుంటూ, ఆడపిల్లకి బంతి తన్నడం నేర్పేవాడికి తనలాంటి కార్ల కంపెనీ ఇంజనీరు విలువ ఇవ్వడమేమిటి?

మర్నాడు పెరట్లో అడిగేశాడు.

"మీరు సర్కస్‌లో పనిచేశారా?"

ఆర్థర్ నవ్వాడు. "దాదాపు అంతే. శనివారాలు జనం విరగబడేవాళ్లు."

"జీతం?"

"ఫ్యాక్టరీ కూలీకంటే కాస్త నయం. మోకాళ్లు మాత్రం అక్కడే వదిలేశాను."

ఆ మాట భీమశంకర్ ఊళ్లో తెలుగువాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పి నవ్వుకున్నాడు.

దీపావళికి తెలుగు సంఘం నాటిక వేసింది. బఫూన్ వేషం కొండల్ రావుది. రేణు వద్దని ఏడుస్తున్నా టోపీ అతని నెత్తికెక్కింది.

"అంకుల్‌ని కూడా పిలిచాను, డాడీ. చూస్తే హర్ట్ అవుతారు."

"గాడిదకేం తెలుసే గంధం పొడి వాసన? మన నాటకం అతనికేం అర్థమవుతుంది."

ఆర్థర్ కోటు, టై వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. స్టేజీ మీద కొండల్ రావు ఆ టోపీలో పకోడీలు పోసుకుని తిన్నాడు. హాలంతా పగలబడి నవ్వింది.

ఆర్థర్ కూడా చప్పట్లు కొట్టాడు. భోజనానికి మాత్రం ఆగలేదు.

నూనె మరకలు పోవని భీమశంకర్ టోపీని చెత్తడబ్బాలో పడేశాడు.

"అంకుల్ మన బ్యాక్‌యార్డ్‌కి రావట్లేదు. ఒక్కసారి సారీ చెప్పు, డాడీ. ప్లీజ్."

"బఫూన్‌కి సారీ ఏమిటే? వెళ్లి హోంవర్క్ చేసుకో."

రేణు చలికాలమంతా అడుగుతూనే ఉంది. మంచు కరగకముందే ఆర్థర్ పోయాడు.

వసంతంలో కంపెనీ ఇంగ్లండ్ ఆఫీస్ నుంచి పెద్ద దొర ఒకాయన వచ్చాడు. ప్రమోషన్ ఆయన చేతిలో ఉంది కాబట్టి భీమశంకర్ ఇంటికి భోజనానికి పిలిచి, వంగి వంగి వడ్డించాడు. తర్వాత నవ్విద్దామని దీపావళి ఫోటోలు తీశాడు.

దొర నవ్వలేదు.

"ఈ టోపీ ఎవరిది?"

"పక్కింట్లో ఓ సర్కస్ ముసలాడు ఉండేవాడు లెండి."

"ఆర్థర్ పిల్లింగ్ అంకుల్‌ది" అంది రేణు.

దొర లేచి నిలబడ్డాడు.

"చిన్నప్పుడు మా నాన్న భుజాలెక్కి, వానలో తడుస్తూ ఆయన ఆట చూశాను. ఆ టోపీ ఒకసారి పట్టుకుని చూడొచ్చా?"

రేణు తండ్రి వైపు చూసింది.

దొర ఫోటో వైపే చూస్తూ మెల్లగా అన్నాడు.

"మా దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడినవాడికి ఆడినప్పుడల్లా ఇలాంటి టోపీ ఒకటి ఇస్తారు. ఆర్థర్ పిల్లింగ్‌కి ఆ అదృష్టం పట్టింది జీవితంలో ఒక్కసారే."