పేతురయ్య కోసం ఒక సంతకం

"నేను పెట్టలేనక్కా," అంటూ అలమేలు కాగితాన్ని మడిచి జీవమ్మ చేతికే తిరిగి ఇచ్చేసింది.

జీవమ్మకు మనసు చివుక్కుమంది. ఆ కాగితం మరుసటి పొద్దున మొదటి బస్సుకు ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పోవాలి. అక్కడ పాస్టరు జ్ఞానప్రకాశంగారు అందరి సంతకాలూ చేర్చి రష్యా ప్రభుత్వానికి పంపుతారు. ఇంట్లో పిల్లలకు బైబిలు చెప్పినందుకు ఆ దేశంలో ఒక పాస్టరును జైల్లో వేశారు. ఆయన అసలు పేరు సంఘంలో ఎవరికీ నోరు తిరగదు. పేతురయ్య అని పిలుచుకుంటూ, ఆ చలిలో ఎట్లున్నాడోనని సొంత మనిషికి మల్లే దిగులుపడుతున్నారు. ఆయన్ను విడిచిపెట్టమని సంఘం వాళ్లే కాక ఇతరులు కూడా అడిగితే ఆ మాటకు బరువుంటుందని పాస్టరుగారు అన్నారు. ఇతరులనగానే జీవమ్మకు గుర్తొచ్చింది పక్క వాటాలోని అలమేలే.

అలమేలుది అహోబిలం. డెబ్బై ఆరు ఎండాకాలంలో, ఎమర్జెన్సీ నడుస్తుండగా, చంటిపిల్లనెత్తుకొని ఆ వాటాలో అద్దెకు దిగింది. భర్త, బడిలో పాఠాలు చెప్పే రంగనాథం అయ్యవారికి ఎక్కడో దూరం బదిలీ అయిందట. చారు కాచినా ఒక గిన్నె జీవమ్మకు పంపేది. జీవమ్మ కోడికూర వండిన రోజు మాత్రం కిటికీ మూసి నవ్వేది. అంత కలుపుగోలు మనిషి సంతకం దగ్గర వెనకాడింది. పేతురయ్య గోడు పట్టలేదా అంటే అదీ కాదు. భార్యను చూడనిస్తారా, ఇంటి నుంచి బట్టలు పంపనిస్తారా అని గుచ్చి గుచ్చి అడుగుతూనే ఉంది.

"మీ దేవునికి కోపమొస్తాదనా?" అంది జీవమ్మ.

"మా కృష్ణుడు పుట్టిందే చెరసాల్లో. ఆయనకెందుకొస్తాది కోపం?"

"మరేంది?"

"ఈ కాగితం చూసి ఆ సర్కారోల్లు ఆయన్ను ఇంకా కొడితే?"

జీవమ్మ తెల్లబోయింది. ఇన్నాళ్లు మోకాళ్ల మీదుండి ప్రార్థన చేసింది గానీ, ఆ ఆలోచనే రాలేదు. కాగితాన్ని ఒళ్లో పెట్టుకొని మడత విప్పి చూసుకుంది.

"ఏమో తల్లీ, నాకూ తెలీదు," అంది. "ఊరకుంటే మాత్రం ఇడిసిపెడతారా? పేతురయ్య పెండ్లానికన్నా తెలియాల గదా, తాను ఒంటిది గాదని."

అలమేలు లేచి వీధి తలుపు దగ్గరికి వేసింది. వచ్చి కాగితం తీసుకొని సంతకం పెట్టింది. జీవమ్మ ఆమె తల నిమిరింది.

"నీ ఇల్లు చల్లగుండాల. ఈ పొద్దు ఆ మహాతల్లి కోసం గూడ ప్రార్థన చేస్తా."

"నాకోసం గూడ చెయ్యక్కా," అంది అలమేలు, పిల్లను ఒళ్లోకి లాక్కుంటూ. "మా ఆయన్ను గూడ ఇట్లే పట్టుకపోయినారు."